కన్నీటి చెంత కూర్చుండుట
(పెద్దపల్లిలో జరిగిన సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ దినములలో మనము అనేక స్తుతికీర్తనలు పాడుచున్నాము. అయితే నూరేండ్ల సంఘజీవితములో పాటలతోపాటు కన్నీళ్లును కలవు. కావున మనుష్యుడు ఎందుకు ఏడ్చును, ఏడ్చినందున మనస్సునకు ఏమి కలుగును అను సంగతిని నేడు మనము కలిసి ఆలోచింతము.

మొదట దేహమును గూర్చి చెప్పుకొందము. కంటికి పైన, వెలుపలి మూలకు చేరి కన్నీటి గ్రంథి కలదు. కన్నీళ్లు మూడు విధములు. కంటిని ఎల్లప్పుడు తడిగా ఉంచునవి మొదటివి. ఉల్లిగడ్డ కోసినప్పుడు, పొయ్యి పొగ తగిలినప్పుడు కారునవి రెండవవి. దుఃఖము, సంతోషము, జాలి వంటి భావములచేత వచ్చునవి మూడవవి. ఈ మూడవ విధమైన కన్నీరు మనుష్యునికే కలదని శాస్త్రజ్ఞులలో అనేకుల అభిప్రాయము. పుట్టిన శిశువు మొదటి వారములలో కన్నీరు లేకయే ఏడ్చును. ఆ యేడ్పు తల్లిని పిలుచుటకే గదా! మాటలు రాకమునుపే దేవుడు మనకిచ్చిన పిలుపు అది.

1872లో డార్విన్ అను శాస్త్రజ్ఞుడు భావోద్రేకముచేత కారు కన్నీటికి ప్రత్యేక ప్రయోజనమేమియు లేదని తలంచెను. 1980 ప్రాంతమున అమెరికాలో విలియం ఫ్రే అను జీవరసాయన శాస్త్రజ్ఞుడు, దుఃఖముచేత వచ్చు కన్నీటిలో ఉల్లిగడ్డ వలన వచ్చు కన్నీటిలోకంటె మాంసకృత్తులు ఎక్కువగా ఉన్నవని కనుగొని, ఏడ్పు శరీరములోని ఒత్తిడిని కడిగివేయునని భావించెను. ఆ భావన రుజువు కాలేదు. తరువాత 2008లో మూడు వేలకు పైగా ఏడ్పు సందర్భములను పరిశీలించిన మనస్తత్వ శాస్త్రజ్ఞులు వేరొక సంగతి తెలిపిరి. ఏడ్చినవారిలో ఎక్కువమందికి మనస్సు తేలికపడెను. సుమారు మూడవ వంతు మందికి మార్పేమియు కలుగలేదు. పదింట ఒక వంతు మందికి బాధ మరింత పెరిగెను. ఎవరైనను చెంతనుండి ఆదరించినవారికి మేలు కలుగుట ఎక్కువగా కనబడెను. ఏడ్చి సిగ్గుపడవలసి వచ్చినవారికి అట్టి మేలు అంతగా కలుగలేదు.

అనగా కన్నీరు దానంతట అదే మందు కాదు. కన్నీటి చెంత కూర్చున్న మనిషినిబట్టి అది మందగును.

లేఖనములలో ఇది మనకు తెలిసిన సంగతియే. యోసేపు తమ్ముని చూచినప్పుడు లోపలి గదిలోనికి పోయి ఒంటరిగా ఏడ్చి, ముఖము కడుగుకొని బయటికి వచ్చెను. ఆ యేడ్పుతో అతని భారము తీరలేదు. తరువాత సహోదరుల యెదుట బిగ్గరగా ఏడ్చినప్పుడే తెగిన బంధము కలిసెను. దేవాలయములో హన్నా మౌనముగా పెదవులు కదల్చుచు ఏడ్చుచుండగా యాజకుడైన ఏలీ ఆమె త్రాగియున్నదని తలంచెను. ఆమె మాట వినిన పిమ్మట దీవించి పంపగా ఆమె ముఖము తేటపడెను. యాజకులకును కన్నీటిని అపార్థము చేసికొను ప్రమాదము కలదు. లాజరును లేపబోవుచున్నానని ఎరిగియే మన ప్రభువు కన్నీరు విడిచెను. పునరుత్థాన నిరీక్షణ ఏడ్పును నిషేధింపదని ఆయనే చూపెను.

అయినను మన సంఘములలో ఏమి జరుగుచున్నది? మన తెలంగాణ పల్లెలలో చావు ఇంట స్త్రీలు పోయినవారి గుణగణములను చెప్పుకొనుచు రాగముతీసి ఏడ్తురు. విశ్వాసులు అట్లు ఏడ్వరాదని కొందరు వారిని గద్దించుదురు. మరికొందరు ప్రేమతోనే "ఏడ్వకు బిడ్డా, ఊకో" అందురు. "ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు" అను సామెత పురుషుల కన్నీటిని మొదటనే బంధించినది. "కడుపు చించుకొంటే కాళ్లమీద పడుతుంది" అని నోరు మూసికొనువారు ఇంకెందరో. ఈ మౌనములో కొందరు త్రాగుడులోనికి, కొందరు ప్రాణము తీసికొను తలంపులోనికి పోవుచున్నారు.

మన ప్రాంతపు దుఃఖము చిన్నది కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఈ.పి. బొగ్గుబావిలోనికి నీళ్లు ముంచుకొనివచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. దుబాయి, సౌదీ దేశములలో మరణించిన మన బిడ్డల శవపేటికలు వచ్చువరకు ఇంటివారు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు ఎదురుచూతురు. శవము కంటబడక ఏడ్పు గొంతులోనే నిలుచును. పత్తి చేను ఎండి అప్పు మిగిలిన రైతు భార్యకు, పిల్లల యెదుట ఏడ్చుటకును స్థలముండదు.

అట్టి యిండ్లలో మనము చేయవలసినది కష్టమైనదేమియు కాదు. మొదట, ఏడ్చువారిని మాన్పించుటకు తొందరపడకుందము. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద అతనితో మౌనముగా కూర్చుండిరి. నోరు తెరచి వాదించిన తరువాతనే వారు బాధకులైరి. రెండవది, దేవుని చిత్తమిదియని మొదటి దినమే ఉపదేశింపక, పోయినవారిని గూర్చి చెప్పనిత్తము. మూడవది, భూస్థాపన అయిన తరువాత, చుట్టములు వెళ్లిపోయిన పిమ్మట, నెలకైనను మరల పోవుదము. స్త్రీల కూటములు ఈ పని చేయగలవు. పురుషుల కొరకు పురుషులే పోవలెను.

నిద్రాహారములు లేక వారములతరబడి ఏడ్చుచు చావు మాటలు పలుకువారిని విశ్వాసము తక్కువయని నిందింపక వైద్యుని యొద్దకు తోడుకొనిపోవలెను. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నెంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. ప్రార్థనయు వైద్యమును పరస్పర విరోధులు కావు.

ప్రతి కన్నీటి బిందువును దేవుడు తుడిచివేయు దినము వచ్చునని మన నిరీక్షణ. ఆ దినమువరకు ఈ సంఘములో ఎవరును ఒంటరిగా ఏడ్వవలసిన అవసరము లేకుండ ప్రభువు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.