మూటగట్టిన టెండరు
(బీదరు జిల్లా కమఠాణలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూర్చున్నామో ఆ పెద్దాయన ఉద్యోగ జీవితమంతా ఒక ప్రభుత్వాసుపత్రి స్టోర్సులో గడిచింది. ఆయన దగ్గర నేను నాలుగేళ్ళు ఫార్మసిస్టుగా పనిచేశాను. సరుకు దిగగానే ఆయన పెట్టె మీద బ్యాచి నంబరు, గడువు తేదీ చూసేవారు. ఆ తరువాత సరుకు తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, "పోయినసారి బిల్లు వచ్చిందా?" అని అడిగేవారు. మొదటిది డ్యూటీ, రెండోది మంచితనం అనుకునేవాణ్ణి. రెండూ డ్యూటీయేనని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆసుపత్రి కొనుగోళ్ళు అనగానే మందులు, యంత్రాలు గుర్తుకొస్తాయి. కానీ ఇండెంటు పుస్తకం తిరగేస్తే దుప్పట్లు, ఉతుకు, రోగుల భోజనం, పాలు, ఫినాయిలు, చీపుర్లు, ఓపీ చీటీల అచ్చు, కుట్టుపని, కుళాయిల రిపేరు కనిపిస్తాయి. బీదరుకు 2007లో వైద్యకళాశాల వచ్చింది. మంచాలు పెరిగినకొద్దీ ఈ పద్దులూ పెరుగుతాయి. ఇవన్నీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ చేతుల్లో ఉన్న పనులే. ఆ డబ్బు వాళ్ళకు ఎంత చేరుతోందన్నదే నా ప్రశ్న.

నేను కళ్ళారా చూసినదొకటి చెబుతాను. ఆసుపత్రి పేరు అనవసరం. అక్కడ రెండు రజక కుటుంబాలు, కన్నడంలో మడివాళరు అంటాం, తరాలుగా వార్డు బట్టలు ఉతికేవి. దుప్పటికింత అని లెక్క. ఒక సంవత్సరం ఉతుకు, ఊడ్పు, కాపలా అన్నీ కలిపి ఒకే టెండరుగా మూటగట్టారు. మూడేళ్ళ టర్నోవరు కోట్లలో చూపాలన్నారు, ధరావతు లక్షల్లో కట్టమన్నారు. దూరపు నగరం నుంచి ఒక కంపెనీ వచ్చి గెలిచింది. గెలిచాక ఉతికే పనిని మళ్ళీ ఆ రెండు కుటుంబాలకే, పాత రేటులో సగానికి కాస్త ఎక్కువకు అప్పజెప్పింది. చేతులు అవే, దుప్పట్లూ అవే. ఆసుపత్రికి ఖర్చు తగ్గలేదు, ఉతికినవాళ్ళకు కూలి తగ్గింది. ఇందులో ఎవరూ లంచం తినలేదు. ప్రతి కాగితం నిబంధన ప్రకారమే నడిచింది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

నిబంధనలు వద్దని నేననను. కర్ణాటకలో 1999లో కొనుగోళ్ళ పారదర్శకత చట్టం వచ్చింది. అంతకుముందు తెలిసినవాడికే ఆర్డరు దక్కే రోజులుండేవి. అందరికీ కనబడేలా టెండరు పిలవడం పెద్ద మేలు. కానీ తలుపు తెరిచి గడప నడుమెత్తున కడితే చిన్నవాడు దాటలేడు. ఈ సంగతి గుర్తించి కేంద్రం 2012లో ఒక ఉత్తర్వు తెచ్చింది. 2018లో దాన్ని సవరించారు. దాని ప్రకారం కేంద్ర శాఖలు, సంస్థలు ఏటా కొనేదానిలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొనాలి. ఆ 25లో 4 ఎస్సీ, ఎస్టీలవి, 3 మహిళలవి కావాలి. చిన్న సంస్థలకు ధరావతు అక్కర్లేదు. అందరికన్నా తక్కువ ధర లక్ష రూపాయలైతే, 1,15,000 లోపు ధర చెప్పిన చిన్న సంస్థ ఆ లక్షకే దిగివచ్చి ఒక వాటా సరఫరా చేయవచ్చు. నాణ్యతా తగ్గదు, ధరా పెరగదు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది. అయితే రాష్ట్ర ఆసుపత్రులకు ఇది వర్తించదు.

మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ గుత్తేదారులకు 24.1 శాతం కోటా మొదట కట్టడం పనులకే వచ్చింది. వస్తువులు, సేవల్లోనూ కోటి రూపాయల దాకా వెనుకబడిన వర్గాలకు వాటా ఇస్తూ 2025లో శాసనసభ ఒక బిల్లు ఆమోదించింది. గవర్నరు దాన్ని రాష్ట్రపతికి నివేదించారు. దాని మీద చాలా వాదోపవాదాలు నడిచాయి. నా మాట ఇంకా చిన్నది. కోటా వచ్చినా రాకపోయినా, మూట విప్పి ఉతుకు వేరుగా, భోజనం వేరుగా టెండరు పిలవడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

మందుల దగ్గర మాత్రం నా తరాజు వేరు. 2024 నవంబరులో బళ్ళారిలో కాన్పు ఆపరేషన్ల తరువాత తల్లులు చనిపోయారు. అనుమానం ఒక కంపెనీ సెలైన్ మీద పడింది. ఆ కంపెనీ సెలైన్ వాడకాన్ని రాష్ట్రమంతటా ఆపవలసి వచ్చింది. మందుల విషయంలో "మనవాడు, చిన్నవాడు" అని పరీక్ష సడలిస్తే అది నేరం. తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థ పెట్టుకుని, ప్రతి బ్యాచినీ పరీక్ష చేయించాకే ఆసుపత్రికి పంపే పద్ధతి నడిపింది. మనం నేర్చుకోవలసింది అది. అయితే పరీక్ష నెగ్గినవాళ్ళు ఒకరికన్నా ఎక్కువమంది ఉండాలి. 2024లోనే అమెరికాలో హెలీన్ తుఫానుకు నార్త్ కరోలినాలో ఒక్క ఫ్యాక్టరీ మునిగింది. ఆ దేశపు సెలైన్‌లో దాదాపు 60 శాతం అక్కడే తయారయ్యేది. అంత సంపన్న దేశంలో డాక్టర్లు సీసాలు లెక్కపెట్టుకుని ఆపరేషన్లు వాయిదా వేశారు. 2021లో ఆక్సిజన్ కోసం మనం పడ్డ పాట్లు వేరే చెప్పాలా?

ఉతుకు సంగతికి మళ్ళీ వస్తాను, నా మనసంతా అక్కడే ఉంది కాబట్టి. అదే అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలో, పెద్ద ఆసుపత్రుల పక్కనే ఉన్న పేదవాడల్లో 2009లో ఎవర్‌గ్రీన్ అనే సహకార లాండ్రీ పెట్టారు. ఉతికేవాళ్ళే అందులో వాటాదార్లు. 2018లో క్లీవ్‌లాండ్ క్లినిక్ అనే పెద్ద ఆసుపత్రి తన లాండ్రీ పని దానికి అప్పగించింది. మన మడివాళ కుటుంబాలకు చేతకానిది అందులో ఏముంది? మరిగే నీటి యంత్రం కావాలి, దానికి అప్పు కావాలి, అప్పుకు మూడేళ్ళ ఆర్డరు కాగితం కావాలి. ఆ కాగితం ఇవ్వగలది ఆసుపత్రే.

భోజనమూ అంతే. 1956 దాకా జహీరాబాదు, నారాయణఖేడు మన బీదరు జిల్లాలోవే. జహీరాబాదు పక్కన పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామ పండించి, విత్తనం దాచి, 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి అందుకున్నాయి. ఇటు మన పొలాల్లో జొన్న, కంది ఉన్నాయి. షుగరు రోగికి జొన్నరొట్టె పెట్టమని డాక్టరు రాస్తాడు, రొట్టె చేసే చెయ్యి మాత్రం టెండరుకు పనికిరాదంటారు!

ఇక బిల్లు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల 2006 చట్టం ప్రకారం చిన్న సంస్థకు 45 రోజుల లోపల డబ్బు ముట్టాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ చెల్లించాలి. కానీ వచ్చే ఏడు మళ్ళీ సరుకు అమ్ముకోవలసిన ఆసుపత్రి మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు? పెద్ద కంపెనీ ఆరు నెలలు ఓపిక పడుతుంది. పాలు పోసే ఆమె ఆరు వారాలు ఆగలేదు. నా అనుభవంలో చిన్నవాళ్ళు టెండరులో ఓడిపోయిన దానికన్నా, గెలిచి బిల్లు రాక మానుకున్నదే ఎక్కువ.

ఈ మార్పును కొంత ఊళ్ళోనే మొదలుపెట్టవచ్చు. గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఒక్కో ప్రాథమిక ఆరోగ్యకేంద్రానికి విడి నిధులు 25,000, నిర్వహణకు 50,000, ఆరోగ్య రక్షా సమితికి లక్ష, వెరసి ఏడాదికి 1,75,000 రూపాయలని లెక్క కట్టారు. ఆ సొమ్ము ఎక్కడ ఖర్చుపెట్టాలో తేల్చేది సమితే, అందులో ఊరివాళ్ళూ ఉంటారు. బెంగళూరు అక్కర్లేదు, ఢిల్లీ అక్కర్లేదు.

పెద్దాయన పోయాక ఇంటివాళ్ళు నాకొక నోటుబుక్కు చూపించారు. ఆఫీసు రిజిస్టరు కాదది, ఆయన సొంతది. పాలామె, దర్జీ, అచ్చు యంత్రం నడిపేవాడు, బట్టలు ఉతికేవాళ్ళు, ఒక్కొక్కరి పేరు. పేరు పక్కన సరుకు ఇచ్చిన తేదీ, డబ్బు ముట్టిన తేదీ, మధ్య ఎన్ని రోజులో ఎర్రసిరా అంకె. కమఠాణ ఆరోగ్యకేంద్రంలో అలాంటి పట్టీ ఒకటి రాసి, ఓపీ కిటికీ పక్కన అందరికీ కనబడేలా తగిలించమని సమితి సభ్యులను అడుగుతున్నాను. మొదటి ఏడాది దాన్ని రాసే పని నాకివ్వండి, నెలనెలా నేనే వచ్చి రాస్తాను.