పేగు తిరగాల్సిన తిరుగుడు

అపెండిక్స్ ఎటు వైపు? కుడి అనేస్తాం. కొందరికి ఎడమ వైపు ఉంటుంది!

తల్లి కడుపులో, రెండు నెలలు నిండకముందే, బిడ్డ పేగు బొడ్డుతాడులోకి జారుతుంది. పొట్టలో చోటు చాలదు మరి. కొన్ని వారాలు అక్కడ పెరిగి, మొత్తం మీద ముప్పావు చుట్టు తిరిగి, లోపలికొచ్చి కుదురుకుంటుంది. ఆ తిరుగుడు మధ్యలో ఆగితే పేగు చోటు మారుతుంది, దాంతో పాటు అపెండిక్స్ కూడా. కొందరికి జీవితాంతం తెలియనే తెలియదు. వేరే దేనికో స్కాన్ తీస్తే బయటపడుతుంది.

చిక్కు ఎక్కువగా పసిపిల్లలతోనే. పట్టు చాలని పేగు మెలిపడుతుంది. రక్తం అందదు. బిడ్డ ఆకుపచ్చగా కక్కుతుంది. విరిగిన పాలు కక్కడం వేరు, ఇది వేరు. ఇది పసరు రంగు. పైత్యరసం. వామునీళ్లు పట్టి తెల్లారేదాకా చూద్దామనుకోకండి. ఆకుపచ్చ వాంతి అంటే ఆ క్షణమే ఆసుపత్రికి. మరక పడిన గుడ్డ కూడా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి.

ఆపరేషన్ ఉంది. 1936లో బోస్టన్ సర్జన్ విలియం లాడ్ వివరించిన పద్ధతే ఇప్పటికీ ఆధారం. మెలి విప్పుతారు. చిన్నపేగును కుడికి, పెద్దపేగును ఎడమకు సర్దుతారు. అపెండిక్స్‌ను సాధారణంగా తీసేస్తారు. రేపు ఎడమవైపు నొప్పి వస్తే, అది అపెండిక్స్ అని ఎవరికి తోస్తుంది చెప్పండి!