చెరకు ఆగదు: శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గురించి

బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఎట్లా పెరిగింది, ఎట్లా మూతపడింది అన్నది ఇవాళ నాకిచ్చిన అంశం. చాలామంది ఈ కథను 2002 అమ్మకంతో మొదలుపెడతారు. నేను నీళ్ల దగ్గర మొదలుపెడతాను.

మంజీరా మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931కి పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయకట్టు లక్ష్యం 2.75 లక్షల ఎకరాలు. అంత నీరు వచ్చాక ఏం పండించాలన్న ప్రశ్నకు దొరికిన పెద్ద జవాబు చెరకు. 1937లో ఫ్యాక్టరీ కంపెనీ ఏర్పడింది. దానికి సొంత సాగు భూములుండేవి, గడను మోసుకొచ్చే సొంత చిన్న రైలు పట్టాలుండేవి, కార్మికుల క్వార్టర్లతో ఒక ఊరే వెలిసింది. కాలువ వెంబడి కోస్తా నుంచి వచ్చిన రైతులు వేసుకున్న క్యాంపులు వర్ని, కోటగిరి వైపు ఇప్పటికీ ఊళ్లుగా ఉన్నాయి. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని శక్కర్‌నగర్‌కు ఒకప్పుడు పేరు.

ఫ్యాక్టరీ సొంత రైలు పట్టాల సంగతి ఎందుకు చెప్పానంటే, చెరకు ఆగే పంట కాదు. వడ్లయితే గోదాములో పోసి ధర కోసం చూడొచ్చు. గడ నరికిన క్షణం నుంచి అందులోని చక్కెర తగ్గడం మొదలవుతుంది, ఎండకు బరువూ పోతుంది. ఒక రోజు ఆలస్యమైతే కాంటా మీద రైతుకు నష్టం, గడ నుంచి వచ్చే చక్కెర శాతంలో, అంటే రికవరీలో, ఫ్యాక్టరీకి నష్టం. అందుకే కోత ఆర్డరు ఎవరికి ఏ రోజు ఇవ్వాలన్నది ఈ వ్యాపారంలో అన్నిటికంటే పెద్ద విషయం. పొలం, రవాణా, గానుగ ఒకే చేతిలో ఉన్నంత కాలం ఆ లెక్క కుదిరింది. నా దృష్టిలో శక్కర్‌నగర్ బలమంతా అక్కడుంది. యంత్రాలు ఆ తర్వాతి మాట.

2002లో ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటుకు ఇచ్చింది. బోధన్‌తో పాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి యూనిట్లు నిజాం దక్కన్ షుగర్స్ అనే కంపెనీ కిందికి వెళ్లాయి. 2015 డిసెంబరులో మూడింటికీ లేఆఫ్ ప్రకటించారు. కార్మికులు రోడ్డెక్కారు, అది పత్రికల్లో వచ్చింది. రైతు నష్టం అంత చప్పుడు చేయలేదు. చెరకు నాటితే పది, పన్నెండు నెలలు భూమి కట్టుబడిపోతుంది, ఆపైన కార్శి, అంటే నరికిన మోడు నుంచి వచ్చే మరో పంట. కొనేవాడు లేని పంటకు అంత కాలం ఎవరు భూమినిస్తారు? కొందరు కామారెడ్డి వైపు ఫ్యాక్టరీలకు గడ తోలారు, ఎక్కువమంది వరికి మారారు. దాన్ని నేను రైతు తప్పుగా చూడను.

2024లో ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన పునరుద్ధరణకు కమిటీ వేసింది. మంచిదే. అయితే బాయిలర్లకు ఎంత ఖర్చవుతుందన్న దానికంటే ముందు తేల్చాల్సింది, మొదటి ఏడు చెరకు ఎవరు నాటుతారన్నది. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గడ అందిన 14 రోజుల్లో డబ్బివ్వాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ. ఆ హామీని, ధరను, విత్తన సాయాన్ని నాట్లకు ముందే, డిసెంబరులోపే, ఊరూరా రాతపూర్వకంగా ఇవ్వాలని నేను ఈ వేదిక మీది నుంచి కోరుతున్నాను.