కౌంటర్ ఇయ్యొచ్చు, తాళంచెవి ఇయ్యొద్దు

(మునిసిపల్ ఉద్యోగులు, విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మాకు అప్పగించిన అంశం పట్టణ పాలనలో కంప్యూటర్లు, ఔట్‌సోర్సింగ్. ఇది ఇంజనీర్లు మాట్లాడుకునే ముచ్చట, మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. ఇంటిపన్ను రశీదు, నల్లా బిల్లు, పుట్టిన సర్టిఫికెట్, చనిపోయిన సర్టిఫికెట్, ఇల్లు కట్టుకునే పర్మిషన్ ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తున్నాయి? కంప్యూటర్ల నుంచే. ఊరి లెక్క మొత్తం ఆ పెట్టెలోనే ఉన్నది. ఆ పెట్టె తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే ఊరి పెత్తనం వాళ్లదే అయితది. నీళ్లు, నిధులు, నియామకాల కోసం కొట్లాడినోళ్లం మనం. ఈ ముచ్చటలో నిధులూ ఉన్నాయి, నియామకాలూ ఉన్నాయి. అందుకే మాట్లాడక తప్పదు.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తున్నాం. మేము కంప్యూటర్‌కు వ్యతిరేకులం కాదు. కరెంటు బిల్లుకు ఒక లైను, నల్లా బిల్లుకు ఇంకో లైను, ఇంటిపన్నుకు మరో ఆఫీసు చుట్టూ తిరుగుడు మన తల్లిదండ్రులకు తెలుసు. 1999 డిసెంబర్‌లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ‘ట్విన్స్’ పేరుతో ప్రయోగాత్మక కేంద్రం మొదలయింది. 2001 ఆగస్టు 25న అదే ‘ఈ-సేవ’గా మారింది. అన్ని బిల్లులు ఒక్క కౌంటర్‌లో కట్టే వీలు దొరికింది. జనానికి మేలు జరిగింది, కాదనలేం. అందులో ప్రైవేటు భాగస్వామి ఉన్నాడు. కంప్యూటర్లు, ఆపరేటర్లు వాళ్లవి, జరిగిన లావాదేవీకి ఇంత అని ఫీజు ప్రభుత్వం ఇచ్చేది. ముఖ్యమంత్రిని సీఈఓ అని పొగిడిన రోజులవి. ఆ హంగామాను ఎంత విమర్శించినా, కౌంటర్ దగ్గర జనం పడే తిప్పలు తగ్గిన మాట మాత్రం నిజం.

తర్వాత 2011లో ‘మీ-సేవ’ వచ్చింది. అందులో దరఖాస్తు తీసుకునేది ప్రైవేటు ఆపరేటరే కావచ్చు. కానీ కులం, ఆదాయం సర్టిఫికెట్ మీద డిజిటల్ సంతకం పెట్టవలసింది తహసీల్దారు. విచారణ చేయవలసింది ప్రభుత్వ సిబ్బంది. అంటే కౌంటర్ బయటోడిది, సంతకం ప్రభుత్వానిది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు చెప్పబోయే కథలో ఈ గీత చెరిగిపోయింది.

ఆ కథ ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరానిది. 11 లక్షలకు పైగా జనాభా. అక్కడి సిటీ కౌన్సిల్ ఐరోపాలోని అతిపెద్ద స్థానిక సంస్థల్లో ఒకటి. డబ్బు లేని ఊరు కాదు, చదువు లేని ఊరు కాదు. మనకు పాఠాలు చెప్పే దేశంలోని ఊరు. ఆ ఊరికి ఏమైందో చూద్దాం.

2006లో ఆ కౌన్సిల్ క్యాపిటా అనే కంపెనీతో కలిసి ‘సర్వీస్ బర్మింగ్‌హామ్’ అనే ఉమ్మడి సంస్థ పెట్టింది. పెద్ద వాటా కంపెనీది. కౌన్సిల్ కంప్యూటర్ వ్యవస్థ మొత్తం దాని చేతికి పోయింది. జనం ఫోన్ చేస్తే మాట్లాడే కాల్ సెంటర్ కూడా దానికే అప్పజెప్పిండ్రు. కాలక్రమంలో పన్ను వసూలు పని సైతం అందులో చేరింది. ఖర్చు తగ్గుతది, ఆధునికీకరణ అవుతది అన్నరు. పదేళ్ల ఒప్పందాన్ని మధ్యలోనే 2021 దాకా పొడిగించుకున్నరు. 2011లో అక్కడి ఐటీ కొలువుల్లో కొన్నింటిని మన దేశానికి తరలించే ప్రతిపాదన కూడా వచ్చింది. అక్కడి యూనియన్లు వ్యతిరేకించినయి. ఇక్కడి పిల్లలు ఉద్యోగం వస్తదని సంతోషపడితే, అక్కడి పిల్లల ఉద్యోగం పోతది. ఇద్దరి మధ్యన లాభం కంపెనీది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు.

ఒప్పందం ఖరీదైందన్న విమర్శలు పెరిగినయి. గడువు కంటే ముందే ఆ ఉమ్మడి సంస్థను ముగించాలని కౌన్సిల్ నిర్ణయించింది. 2019లో ఐటీ సేవలు తిరిగి కౌన్సిల్ చేతికొచ్చినయి. ఇక్కడితో కథ సుఖాంతం అనుకోవాలె. కానీ అసలు కష్టం అప్పుడే మొదలైంది.

కౌన్సిల్ లెక్కలు, జీతాలు 1999 నుంచి శాప్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచినయి. ఇరవై ఏళ్లలో దాన్ని తమ పద్ధతులకు తగినట్టు ఎన్నో మార్పులు చేసుకున్నరు. దాన్ని తీసేసి ఒరాకిల్ అనే కొత్త వ్యవస్థ పెడతామని నిర్ణయించిండ్రు. మొదటి అంచనా సుమారు 2 కోట్ల పౌండ్లు. 2022 ఏప్రిల్‌లో మొదలుపెట్టిండ్రు. కొత్త సాఫ్ట్‌వేర్‌కు తగినట్టు పని పద్ధతి మార్చుకోకుండా, పాత పద్ధతికి తగినట్టు కొత్త సాఫ్ట్‌వేర్‌నే వంచబోయిండ్రు. అది విరిగింది.

విరిగిందంటే ఏమైంది? బ్యాంకులో పడ్డ సొమ్మును కౌన్సిల్ ఖాతాతో సరిపోల్చే వ్యవస్థ పనిచేయలేదు. ఏ డబ్బు ఎవరు కట్టింది, ఏ పద్దు కింద పడింది అనేది సిబ్బంది కూర్చొని చేతితో సరిచేయవలసి వచ్చింది. ఆడిటర్లకు చూపడానికి నమ్మదగిన లెక్కల్లేవు. మన పట్టణంలో మీరు ఇంటిపన్ను కట్టినా, కట్టలేదని నోటీసు వస్తే ఎట్లుంటదో ఊహించుకోండి. 2 కోట్లతో మొదలైన ఖర్చు 2023 నాటికి 10 కోట్ల పౌండ్లకు చేరుతుందని కౌన్సిలే ఒప్పుకున్నది. తర్వాత అది కూడా దాటింది.

2023 సెప్టెంబర్ 5న బర్మింగ్‌హామ్ కౌన్సిల్ సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. వచ్చే ఆదాయంతో పెట్టవలసిన ఖర్చు వెళ్లదు, చట్టప్రకారం తప్పనిసరి సేవలు తప్ప కొత్త ఖర్చు పెట్టం అని ప్రకటించుడన్నమాట. జనం భాషలో చెప్పాలంటే దివాలా. న్యాయంగా మాట్లాడాలె గనుక ఒక సంగతి చెప్తున్నాం. ఆ దివాలాకు అతిపెద్ద కారణంగా కౌన్సిల్ ఆనాడు చెప్పింది కంప్యూటర్‌ను కాదు. మహిళా ఉద్యోగులకు సమాన వేతనం ఎగ్గొట్టిన బాకీ 65 నుంచి 76 కోట్ల పౌండ్ల దాకా ఉంటుందని ఆనాడు అంచనా వేసింది. దానికి ఒరాకిల్ భారం తోడైంది. లెక్కలు తేలని ఇంట్లో బాకీ ఎంతో కూడా తేలదు గదా!

ఆ శిక్ష ఎవరికి పడింది? 2023 అక్టోబర్‌లో లండన్ ప్రభుత్వం కమిషనర్లను పంపింది. ఎన్నికైన కౌన్సిల్ మీద పైనుంచి పెత్తనం వచ్చింది. 2024లో కౌన్సిల్ పన్ను దాదాపు 10 శాతం పెంచిండ్రు. 600 దాకా ఉద్యోగాలు తీసేస్తామన్నరు. లైబ్రరీల మీద, యువజన సేవల మీద కోతపడ్డది. సాఫ్ట్‌వేర్ అమ్మినోడు, సలహా చెప్పినోడు మాత్రం తమ బిల్లు తీసుకుని పోయిండ్రు.

ఇక్కడ కొందరు మిత్రులు ప్రశ్న వేయొచ్చు. ఔట్‌సోర్సింగ్ తీసేసిన తర్వాతనే గదా దెబ్బతిన్నది, ప్రైవేటును ఎందుకు తిడుతున్నరని. మంచి ప్రశ్నే. మా అభిప్రాయంలో జవాబు ఇది. 13 ఏళ్లు పని బయటోడి చేతిలో ఉంటే, ఆ పని తెలిసిన మనుషులు మన ఇంట్లో మిగలరు. కొత్త వ్యవస్థ కొనేటప్పుడు ఏది అడగాలె, ఏది వద్దనాలె, కంపెనీవాడు అయిపోయిందంటే నిజంగా అయిందా లేదా అని తేల్చే మనిషి కావాలె. ఆడిటర్లు కూడా ఆ ప్రాజెక్టులో పర్యవేక్షణ లోపాన్ని, ఒరాకిల్ తెలిసినవాళ్లు తగినంత మంది లేకపోవుడును ఎత్తిచూపిండ్రు. మిషన్ తిరిగి తెచ్చుకోవచ్చు. పోయిన తెలివి ఒక్కనాడు తిరిగి రాదు.

ఇప్పుడు మన దిక్కు చూద్దాం. మన మునిసిపాలిటీల్లో ఇంటిపన్ను అసెస్‌మెంట్లు, జనన మరణాల నమోదు ఎవరి వేళ్ల మీద నడుస్తున్నాయో మీకు తెలుసు. చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటర్ల వేళ్ల మీద. ఏ వార్డులో ఏ ఇంటి నంబర్ రెండుసార్లు పడ్డదో ఆ అక్కకు తెలుసు, ఆ తమ్మునికి తెలుసు. కాని వాళ్లు మునిసిపాలిటీ మనుషులు కారు, ఏజెన్సీ మనుషులు. 1994లో వచ్చిన 2వ నంబర్ చట్టం రోజుకూలీ నియామకాలకు అడ్డుకట్ట వేసింది. దొడ్డిదారి నియామకాలు ఆపుతామన్నరు, సరే. మరి ముందు తలుపు తెరిచి ఖాళీలు నింపిండ్రా? లేదు. మధ్యలో ఏజెన్సీ వచ్చి కూర్చున్నది. జీతం ఆలస్యమైతే ఆఫీసు ఏజెన్సీని చూపిస్తది, ఏజెన్సీ ఆఫీసును చూపిస్తది. కాంట్రాక్టరు ఇవ్వకపోతే అసలు యజమానే జీతం కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది. ఆ మాట వాళ్లకు ఎవరు చెప్పాలె? మనమే చెప్పాలె.

బర్మింగ్‌హామ్ పోగొట్టుకున్నది ఇదే, పని తెలిసిన మనిషి. మన దగ్గర ఆ మనిషి ఇంకా ఉన్నడు, చాలీచాలని జీతంతో ఉన్నడు.

కాబట్టి మేము ప్రతిపాదిస్తున్నవి ఐదు. ఒకటి, ఊరి సమాచారం ఊరిదేనని, కంపెనీ పోయినా పూర్తి నకలు వాడుకునే రూపంలో మునిసిపాలిటీకి ఇచ్చిపోవాలని ఒప్పందంలో రాయాలె. రెండు, ఒప్పందం ముగిసేనాడు పని ఎట్లా అప్పజెప్పాలో మొదటినాడే రాయాలె. మూడు, పాత వ్యవస్థ, కొత్త వ్యవస్థ కొంతకాలం పక్కపక్కన నడిపి, లెక్క సరిపోయినంకనే పాతది ఆపాలె. నాలుగు, వ్యవస్థ తెలిసిన సాంకేతిక ఉద్యోగులు శాశ్వత పోస్టుల్లో ఉండాలె, ఆ భర్తీలో ఏండ్లుగా పనిచేస్తున్న ఆపరేటర్ల అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలె. ఐదు, ఒప్పందం కాగితం జనం ముందు పెట్టాలె.

ఈ ఐదోది ఎవరి దయా కాదు. 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉన్నది. విద్యార్థి మిత్రులారా, మీ మునిసిపాలిటీలో కంప్యూటర్ పని ఏ ఏజెన్సీకి ఇచ్చిండ్రు, ఎంతకు ఇచ్చిండ్రు, సమాచారం ఎవరి పేరు మీద ఉన్నది, ఆపరేటర్‌కు ఎంత ముడుతున్నది అని నాలుగు ప్రశ్నలతో దరఖాస్తు పెట్టండి. ఉద్యోగ మిత్రులారా, మీ సంఘం సమావేశంలో పర్మినెంటు, ఔట్‌సోర్సింగ్ అని రెండు కుర్చీల వరుసలు వేయకండి. రేపు వ్యవస్థ కూలితే ఇద్దరినీ ఒకే లిస్టులో పెడతరు.

వచ్చిన జవాబులను మాకు పంపండి. అచ్చువేసే బాధ్యత మాది.