ప్రాచీన ఈజిప్టు, గ్రీసు సంస్కృతులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున ప్రాచీన ఈజిప్టు, గ్రీసు దేశముల సంస్కృతులను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఈ రెండింటిని పోల్చువారు సామాన్యముగా ఏదో యొక తీర్పుతో ముగింతురు. ఈజిప్టు మృత్యుచింతలో మునిగిన దేశమనియు, బుద్ధికి పుట్టినిల్లు గ్రీసేయనియు కొందరందురు. గ్రీకుల విద్యయంతయు ఈజిప్టు అర్చకులు పెట్టిన భిక్షయని మరికొందరు వాదింతురు. ఈ రెండును తొందరపాటు తీర్పులని నా మనవి.

మానవునకు రెండు కోరికలు కలవు. గడించినదానిని చెడకుండ నిలుపుకొనవలెనని యొకటి. అది నిజమేనా, ఎందుచేత నిజమని అడుగవలెనని మరియొకటి. మొదటిదానిని ఈజిప్టువారు, రెండవదానిని గ్రీకులు పరాకాష్ఠకు కొనిపోయిరి. తుదకు ఒకరి విద్య నశింపకుండ మనకు దక్కుటకు రెండవవారు తోడ్పడుట చరిత్రలోని విచిత్రము. ఆ విచిత్రమును విన్నవించుటయే నా ఉద్దేశము.

మొదట నేల సంగతి చూతము. ఈజిప్టు అనగా ఎడారి నడుమ నైలునది గీసిన పచ్చని గీత. ఏటేట వేసవిలో నది పొంగును, ఒండ్రు పరచి వెనుకకు తీయును, రైతు విత్తును. ఈ క్రమము చెడినచో కరవు, చెడకున్నచో సుభిక్షము. కావున క్రమము చెడకుండుటయే వారికి పరమధర్మమైనది. ఆ క్రమమునకు, సత్యమునకు, న్యాయమునకు కలిపి వారు ‘మాత్’ అను ఒక్క పేరు పెట్టిరి. మన వేదములలోని ఋతమను భావమునకు ఇది మిక్కిలి సన్నిహితము. మాత్‌ను నిలుపుట రాజునకు మొదటి విధి.

గ్రీసు నేల వేరు. కొండలు, ఇరుకు లోయలు, ఎటు చూచినను సముద్రము. ఒక్క రాజు ఏలుబడికి ఒదుగని ఆ దేశమున వందలకొలది పురరాజ్యములు వెలసినవి. నేల చాలక జనులు ఓడలెక్కి దూరతీరములందు వలసలు స్థాపించిరి. ఒక ఊరి చట్టము మరియొక ఊర చెల్లదు. అన్యుల ఆచారమును కన్నులార చూచినవానికి తన ఆచారమును గూర్చియు ప్రశ్న పుట్టక మానదు. గ్రీకుల జిజ్ఞాసకు ఇది యొక్కటే కారణమని చెప్పజాలము గాని, ఇది ముఖ్యకారణమనుట నిస్సంశయము.

వారి కట్టడములందును ఈ భేదము కనబడును. సుమారు క్రీ. పూ. 2560లో ఖూఫూ రాజునకై కట్టిన మహా పిరమిడు తొలుత దాదాపు 146 మీటర్ల ఎత్తుండెను. ఇంచుమించు 3,800 సంవత్సరములు లోకమున దానిని మించిన ఎత్తైన కట్టడము లేదు. కొరడా దెబ్బలు తినుచు బానిసలు దానిని కట్టిరను మాట చిరకాలము ప్రచారములో ఉండెను. నేటి పరిశోధకులు దానిని అంగీకరింపరు. ఎఱ్ఱసముద్ర తీరమున వాదీ అల్ జర్ఫ్ అను చోట 2013లో కొన్ని పపైరసు పత్రములు బయల్పడినవి. తురా గనులనుండి సున్నపురాతిని పడవలపై గీజాకు చేర్పించిన మేరెర్ అను ఉద్యోగి దినచర్య వానిలో నున్నది. ఏనాడు రాయి ఎక్కించిరో, ఏనాడు దింపిరో అతడు వరుసగా వ్రాసికొనెను. నాలుగువేల ఐదువందల ఏండ్లనాటి ఆ చిన్న ఉద్యోగి పేరు నేడు మనకు తెలియుట ఆశ్చర్యము కాదా?

అట్లని ఈజిప్టు ప్రజలు నోరులేనివారని తలపరాదు. మూడవ రామెసెస్ కాలమున, సుమారు క్రీ. పూ. 1157లో, రాజసమాధులను తొలుచు పనివారు తమకు రావలసిన ధాన్యము సకాలమున అందకపోగా పని మాని దేవాలయముల చెంత బైఠాయించిరి. లోకమున వ్రాతపూర్వకముగా తెలియవచ్చిన మొదటి సమ్మె ఇదియే. నాటి లేఖకుడు వ్రాసిన ఆ వృత్తాంతము నేడు ఇటలీదేశపు ట్యూరిన్ నగరమున భద్రముగా నున్నది.

ఏథెన్సు నగరమున పార్థెనాన్ దేవాలయమును క్రీ. పూ. 447 మొదలు 432 వరకు నిర్మించిరి. దాని జమాఖర్చులను రాతిపై చెక్కించి ప్రజల యెదుట నిలిపిరి. పిరమిడు రాజునకు లెక్క చెప్పినది. పార్థెనాన్ పౌరులకు లెక్క చెప్పినది. ఆ కొండమీదనే యున్న ఎరెక్తియాన్ ఆలయపు లెక్కలలో పౌరునకు, పరదేశికి, బానిసకు ఒకే పనికి దినమునకు ఒక్కొక్క ద్రాఖ్మా చొప్పున కూలి వ్రాయబడి యున్నది. చూచుటకు ఇది గొప్ప సమత్వమే. కాని బానిస కూలి సామాన్యముగా యజమాని చేతికే పోవును. లారియాన్ వెండిగనులలో బానిసలు పడిన పాట్లు ఏథెన్సు ఐశ్వర్యమునకు పునాది యను సంగతి మరువరాదు.

ఇక విద్యల విషయము. సుమారు క్రీ. పూ. 1550లో అహ్మెస్ అను లేఖకుడు అంతకు పూర్వపు గ్రంథము చూచి ఒక గణితపు చుట్టకు ప్రతి వ్రాసెను. వృత్తవ్యాసములో తొమ్మిదవ వంతు తీసివేసి, మిగిలినదానిని దానితోనే హెచ్చవేసినచో వృత్త వైశాల్యము వచ్చునని అందున్నది. ఈ లెక్క ప్రకారము పరిధికి వ్యాసమునకు గల నిష్పత్తి సుమారు 3.16 అగును. పొలము కొలుచువానికి ఇంతకంటె ఏమి కావలెను? అయితే అది ఎందుచేత సరియో ఆ గ్రంథము చెప్పదు. చేయవలసిన విధానమును మాత్రము చెప్పును. క్రీ. పూ. 3వ శతాబ్దిలో ఆర్కిమెడీసు అను గ్రీకు విద్వాంసుడు ఆ నిష్పత్తి 3 1/7 కంటె తక్కువయనియు, 3 10/71 కంటె ఎక్కువయనియు నిరూపించెను. ఇందు విశేషము అంకెలలో కాదు, నిరూపణలో నున్నది. ఒకడు విధి చెప్పెను. మరియొకడు హేతువు చూపెను.

ఈ సూత్రమును అన్నిటికి అంటగట్టుటయు పొరపాటే. ఎడ్విన్ స్మిత్ పపైరసు అని నేడు పేరొందిన ఈజిప్టు వైద్యగ్రంథము సుమారు క్రీ. పూ. 1600 నాటిది. అందు 48 గాయముల వృత్తాంతములు కలవు. రోగిని ఎట్లు పరీక్షింపవలెనో, ఏ లక్షణము దేనికి గుర్తో చెప్పి, ఇది చికిత్సకు లొంగునదనియో, పెనగులాడి చూడవలసినదనియో, వైద్యుడు చేయగలిగినది లేదనియో నిర్ణయము చేయబడినది. ఈ వృత్తాంతములలో మంత్రము ఒకచోట మాత్రమే కనబడును. తన శక్తికి హద్దు ఎరిగిన వైద్యుని మాట అది.

ప్రశ్నించు జాతియని పేరొందిన గ్రీకులు అన్నిటిని ప్రశ్నించిరా? ఈజిప్టు స్త్రీకి స్వంత ఆస్తి యుండెను, తన పేర ఒడంబడికలు చేసికొనగలిగెను, విడాకులు కోరగలిగెను. ఏథెన్సు స్త్రీ ఆజన్మాంతము తండ్రియో, భర్తయో, కుమారుడో సంరక్షకుడుగా నుండవలసినదే. ఈ న్యాయమును అచ్చటి చట్టము ప్రశ్నింపలేదు. మరియు ఎడతెగక ప్రశ్నించిన సోక్రటీసునకు క్రీ. పూ. 399లో విషమిచ్చినది ఆ ఏథెన్సు నగరమే.

ఇప్పుడు మన గ్రంథాలయమునకు ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాను. అది లిపి. ఈజిప్టు చిత్రలిపి క్రీ. పూ. 3000కు పూర్వమే పుట్టినది. అందు వందలకొలది గుర్తులు. అవి నేర్చుటకు ఏండ్లు పట్టును. నేర్చినవారు కొలదిమంది. లేఖకవృత్తి ఎంత సుఖమో, తక్కిన వృత్తులెంత కష్టమో చెప్పు పాఠములను బాలురచే వ్రాయించెడివారు. అక్షరము అధికారమునకు నిచ్చెన. గ్రీకులు క్రీ. పూ. 8వ శతాబ్ది నాటికి ఫినీషియనుల లిపిని తెచ్చుకొని, దానికి అచ్చులను చేర్చి, ఇరువదినాలుగు అక్షరములకు అటునిటుగా కుదిర్చిరి. కుమ్మరి, సిపాయి సైతము తన పేరు గీయగలిగిరి. ఏథెన్సులో ఏ నాయకుని దేశమునుండి వెడలగొట్టవలెనో పౌరులు కుండపెంకుపై వ్రాసి నిర్ణయించెడివారు. అయినను అక్షరము సులభమైనంత మాత్రమున బుద్ధి స్వతంత్రమగునా? థెమిస్టోక్లీసు పేరు గల 190 పెంకులు ఒక్క బావిలో దొరకినవి. వాని వ్రాత చూడగా పదునాలుగు చేతులే పని చేసినట్లు తేలినది. ఎవరో ముందుగా వ్రాసి పంచుటకు సిద్ధపరచిరన్నమాట!

ఈ రెండు జాతులు ఒకరినొకరు ఎరుగనివి కావు. క్రీ. పూ. 7వ శతాబ్దిలోనే నైలు ముఖమున నౌక్రటిస్ అను చోట గ్రీకు వర్తకులు స్థిరపడిరి. క్రీ. పూ. 6వ శతాబ్ది ఆరంభమున కూలికి వచ్చిన గ్రీకు సిపాయిలు అబూ సింబెల్ ఆలయమున రామెసెస్ విగ్రహపు కాలిపై తమ పేర్లు చెక్కి పోయిరి. ఎడమకాలు ముందుకు వేసి నిలిచిన యువకుని శిల్పమును గ్రీకులు ఈజిప్టునుండియే గ్రహించిరి. ఈజిప్టు శిల్పి ఆ భంగిమను వేలయేండ్లు మార్పక కాపాడెను. గ్రీకు శిల్పి రెండువందల ఏండ్లు తిరుగకుండ దానిని కదలించి, నడుము వంచి, ప్రాణము పోసెను.

క్రీ. పూ. 331లో అలెగ్జాండరు స్థాపించిన అలెగ్జాండ్రియా నగరమున ఈ రెండు ధారలు కలిసినవి. టాలమీ రాజులు అచ్చట మహా గ్రంథాలయమును పోషించిరి. కల్లిమాకస్ అను కవి గ్రంథకర్తల పట్టికను 120 చుట్టలలో సిద్ధపరచెను. గ్రంథాలయాధికారియైన ఎరటోస్తనీసు, దక్షిణమున సైయీనీ పట్టణమందు నిడుపాటి పగటి దినమున మధ్యాహ్నము నీడ పడదనియు, అదే సమయమున అలెగ్జాండ్రియాలో పడు నీడ వృత్తములో ఏబదవ వంతు కోణమును చూపుననియు గ్రహించి, ఊళ్ల నడిమి దూరము 5,000 స్టేడియములుగా తీసికొని, భూమి చుట్టుకొలత 2,50,000 స్టేడియములని లెక్కించెను. ఈజిప్టు నేల, గ్రీకు ప్రశ్న కలసి భూగోళమును కొలిచినవి. ఆ టాలమీ రాజు పేరు మనకును క్రొత్తది కాదు. అశోకుని పదమూడవ శిలాశాసనమున యవనరాజుల వరుసలో అతని పేరు కలదు; ఆ శాసనముల ప్రతి మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై నేటికిని చూడవచ్చును.

తరువాత ఏమైనది? అలెగ్జాండ్రియా గ్రంథాలయము ఒక్క మంటతో పోయినదని కథ. యుద్ధములచేతను, పోషణ తగ్గుటచేతను, పాతబడిన చుట్టలకు ప్రతులు వ్రాయించువారు లేకపోవుటచేతను అది క్రమముగా క్షీణించెనని నేటి చరిత్రకారులు తలంతురు. చిత్రలిపికి ఇంకను ఘోరమైన గతి పట్టినది. తెలిసిన కడపటి శాసనము ఫిలే దేవాలయమున క్రీ. శ. 394లో చెక్కబడినది. చదువగలిగిన కొద్దిమంది అర్చకులు గతించిరి. గోడలు నిలిచినవి, అక్షరములు నిలిచినవి, చదువువాడు లేడు. పదునాలుగు వందల ఏండ్లు ఈజిప్టు మూగదయ్యెను.

1799లో రోసెట్టా యొద్ద ఒక రాయి దొరకినది. క్రీ. పూ. 196 నాటి ఒకే శాసనము దానిపై చిత్రలిపిలోను, వాడుకలిపిలోను, గ్రీకులోను కలదు. షాంపోలియన్ అను ఫ్రెంచి పండితుడు గ్రీకు పాఠమును ఆధారము చేసికొని, గ్రీకు అక్షరములతో వ్రాయబడుచు వచ్చిన కోప్తు భాషా జ్ఞానము తోడుగా, 1822లో ఆ లిపి రహస్యమును ఛేదించెను. గ్రీకు అక్షరము ఈజిప్టునకు మరల నోరిచ్చినది.

ఆ ఋణమును ఈజిప్టు ఎట్లు తీర్చినది? గ్రీసులో చెడిపోయిన గ్రంథములను తన యిసుకలో దాచి తీర్చినది. ఏథెన్సు రాజ్యాంగమును గూర్చి అరిస్టాటిలు పేర వెలసిన గ్రంథము ఈజిప్టు పపైరసుల మీద దొరకి 1891లో అచ్చుపడినది. ఆక్సిరింకస్ అను పట్టణపు చెత్తదిబ్బలలో 1896 మొదలు జరిపిన త్రవ్వకములలో సాఫో కవయిత్రి పద్యముల తునకలు బయటపడినవి. మెనాండరు హాస్యనాటకమొకటి ఇంచుమించు సంపూర్ణముగా 1958లో వెలుగు చూచినది. ప్రశ్నించువాని గ్రంథమును నిలుపుకొనువాని నేల కాపాడినది. నిలుపుకొనువాని శాసనమును ప్రశ్నించువాని అక్షరము విప్పి చెప్పినది.

కావున సోదరులారా, ఈ ఇరువురిలో ఎవరు గొప్పయని అడుగుటకంటె, ఒకరు లేక రెండవవారి విద్య ఎంత మిగిలెడిదని అడుగుట మేలు. మన పెద్దలు తాటియాకు గ్రంథములను చెదలనుండి, తేమనుండి కాపాడుటకు తరతరమునకు ప్రతులు వ్రాసిరి. వ్రాయుచున్నవాడు చదువక తప్పదు గదా! భద్రపరచుటయు, చదువుటయు అందు ఒక్కటిగా నుండెను. ఇరువదియైదు సంవత్సరములు ఈ గ్రంథాలయము పుస్తకములను భద్రముగా నిలిపినది. అందులకు కార్యవర్గమువారు అభినందనీయులు. కాని బీరువాలో చెక్కు చెదరక యుండి, ఎవరును తెరువని పుస్తకము ఫిలే ఆలయపు గోడవంటిది. ఇచ్చటి ప్రతి పుస్తకమును ఈ గ్రామమున ఒక్కరైనను చదివి, ఇది నిజమేనాయని మరియొకరితో వాదింపవలెను. అట్టి పాఠకులు, స్త్రీలును పురుషులును, ఈ గ్రంథాలయమునకు నానాట వృద్ధియగుదురు గాక యని ఆశించుచున్నాను.