ఊరి బయట పది గుంటలు: చలికాలపు పనులు

పట్నంలో కాపురముంటూ, ఊరి బయట ఓ పది గుంటల నేల కొనుక్కుని తోట వేసుకునే కుటుంబాలు ఇప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల చాలానే కనబడుతున్నాయి. 10 గుంటలంటే కోస్తా వాళ్ళ లెక్కలో 25 సెంట్లు, అంటే పావు ఎకరం, 1,210 చదరపు గజాలు. పండించి అమ్ముకోవాలని కాదు. నాలుగు కూరపాదులు, రెండు మామిడిచెట్లు, ఓ జామ, ఓ పది కోళ్ళు, ఆదివారంనాడు పిల్లలు మట్టిలో ఆడుకోవడం. ఇదీ కోరిక. మంచి కోరికే.

కార్తీకమాసంలో వనభోజనాలకని వెళ్ళి, ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు వేసుకుని తిన్ననాడు ఆ తోట ఎంతో ముద్దొస్తుంది. అదే తోటని ఏప్రిల్లో చూడండి. పాదులు మాడిపోయి, మొక్కలు మోడులై, కోళ్ళు సగమై, "ఎందుకొచ్చిన తద్దినం, అమ్మేద్దాం" అనిపించేలా ఉంటుంది. తప్పు ఎండలది కాదండి. ఎండలకు ముందు చెయ్యవలసిన పనులు చెయ్యకపోవడం. మంచు గడ్డకట్టే దేశాల్లో చలికాలమంటే తోటకు తలుపు మూసే కాలం. మనకు అలా కాదు. మార్గశిర, పుష్య మాసాలే మనకు పనిరోజులు. మధ్యాహ్నం రెండింటికి కూడా నేలమీద కూర్చుని పని చేసుకోగలిగేది ఏడాది మొత్తంలో ఈ రెండు నెలలే.

పనిలోకి దిగేముందు ఒక్క మాట అడుగుతాను. ఈ తోట సరదా ఎవరిది? చాలా ఇళ్ళల్లో మగవారిదే. సంచెడు వంకాయలు తెచ్చి గుమ్మంలో దించి, "చూశావా, మన తోటవి" అని మురిసిపోయేది ఆయన. వాటిలో పుచ్చులు ఏరి, ఇరుగుపొరుగులకు పంచి, గంపెడు చిక్కుడుకాయలకు ఈనెలు తీసి, తోటకు వెళ్ళేనాడు పదిమందికి పులిహోర కలిపి, తిరిగొచ్చాక బురదబట్టలు ఉతికేది మనం. కాబట్టి పనుల పంపకం ముందే జరగాలి. కోళ్ళగూడు కడిగేది ఎవరు, నీళ్ళు పెట్టేది ఎవరు, కోసుకొచ్చిన కూర బాగుచేసేది ఎవరు? ఇంటిల్లిపాదీ కూర్చుని కాయితం మీద రాసుకోండి. నవ్వితే నవ్వారు, రాసుకోండి. ఖర్చు కూడా ఓ పుస్తకంలో ఎక్కించండి. పెట్రోలు, కాపలా మనిషి జీతం, మోటారు రిపేరు అన్నీ వేసుకుంటే బజారు వంకాయే చవక. ఆ సంగతి తెలిసి సరదాకు ఖర్చు పెట్టుకోవడం వేరు, ఆదా అవుతుందని భ్రమపడి రెండేళ్ళకు పోట్లాడుకోవడం వేరు.

ఇక పనులు. అన్నిటికంటే ముందు ఆకులు. చలికాలంలో టేకు, బాదం, రావి ఆకులు కుప్పలుగా రాలతాయి. వాటిని పోగేసి అగ్గిపుల్ల గీసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది చెత్త కాదు, ఎరువు. తోటలో ఓ మూల 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గొయ్యి తవ్వించండి. జానెడు మందాన ఆకులు, వాటిమీద పేడనీళ్ళు, పైన పల్చగా మట్టి, ఇలా వరసలు వేసుకుంటూ పోవాలి. వంటింటి కూరగాయ తొక్కలూ వెయ్యొచ్చు. వారానికోసారి నీళ్ళు చల్లండి. లోపలి ఎరువు చేత్తో పిసికితే తడి తగలాలి గాని నీళ్ళు కారకూడదు. నెలకోసారి కలియబెట్టించండి. ఇప్పుడు వేసిన గొయ్యి తొలకరి నాటికి నల్లటి ఎరువై చేతికొస్తుంది. మిగిలిన ఆకుల్ని చెట్ల మొదళ్ళ చుట్టూ నాలుగంగుళాల మందాన పరవండి. నేలలో తడి ఆరదు, కలుపూ తగ్గుతుంది. అయితే కాండానికి ఆనించకుండా జానెడు ఎడం వదలండి. లేకపోతే చెదలు పడతాయి.

నీళ్ళ సంగతి. కూరమొక్కలకు పొద్దున పూట పెట్టండి. సాయంత్రం ఆకుల మీద తడి ఉండిపోతే, రాత్రి మంచుతో కలిసి తెగుళ్ళు వస్తాయి. కాపుకొచ్చిన మామిడికి మాత్రం పూత రావలసిన ఈ రోజుల్లో నీళ్ళు పెట్టకూడదు. పెడితే పూతకు బదులు చిగురు తొడుగుతుంది. పిందెలు బఠాణీగింజంత అయ్యాక మొదలుపెట్టాలి. చిన్న మొక్కలకు ఈ నియమం లేదు, వాటికి నీళ్ళు కావాలి.

నాటు చిక్కుడు పాదు ఈ కాలపు దేవత. పగటిపొద్దు తగ్గితేనే అది పూతకొస్తుంది. ఎండాకాలంలో ఎంత నీళ్ళు పోసినా తీగ సాగుతుందే తప్ప కాయదు. దానికి పట్టే పెద్ద పీడ పేనుబంక. మన పెద్దలు పొద్దున్నే మంచు తడి ఉండగా జల్లించిన బూడిద చల్లేవారు. అదీ మంచిదే. ఉధృతంగా ఉంటే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం పూట పిచికారీ చెయ్యండి.

కోళ్ళ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. రాజేంద్రనగరులోని కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు చిన్న తోటలకు అనువుగా ఉంటాయి. చలికాలం రాగానే కోళ్ళు గుడ్లు తగ్గిస్తాయి. మేత కాజేస్తున్నాడని కాపలా మనిషిని అనుమానించకండి! గుడ్లు బాగా పెట్టాలంటే కోడికి రోజుకు 14 గంటలైనా వెలుతురు కావాలి. డిసెంబరు మూడో వారంలో హైదరాబాదులో పగలు 11 గంటల పైన కొద్ది నిమిషాలే. తెల్లవారుజామున గూట్లో ఓ బల్బు వేస్తే ఆ లోటు తీరుతుంది. వెలుతురుకైతే ఎల్.ఇ.డి. బల్బు చాలు.

కోడిపిల్లల దగ్గర మాత్రం ఆ బల్బు పనికిరాదు, ఎంచేతనంటే అది దాదాపు వేడినివ్వదు. పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, ఆపైన వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. దానికి పాతకాలపు ఫిలమెంటు బల్బే వెతికి తెచ్చుకోవాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదానిమీదొకటి ఎక్కి అరుస్తున్నాయంటే చలేస్తోందని. దూరంగా పోయి నోళ్ళు తెరుచుకున్నాయంటే వేడెక్కువైందని. అంతటా చెదిరి మేత తింటున్నాయా, ఇక మీరు నిశ్చింతగా పడుకోవచ్చు. గూటికి పక్కల గోనెపట్టాలు కట్టండి గాని, పైన గాలి ఆడే సందు మూసెయ్యకండి. రెట్టల ఘాటు లోపలే నిలిచిపోతే పిల్లలు దక్కవు.

సందర్భం వచ్చింది గనక చెబుతున్నాను. చలిగా ఉందని కోళ్ళగూట్లో గాని, తోటింట్లో మీరు పడుకునే గదిలో గాని బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూసుకోకండి. బొగ్గులు కాలుతుంటే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. కావాలంటే ఆరుబయట నెగడు వేసుకుని, కబుర్లు చెప్పుకుని, ఆర్పి లోపలికి వెళ్ళండి. అలాగే కట్టెలమోపు మీద, ఆకుల కుప్ప మీద ముందు కర్రతో తట్టి ఆ తరవాతే చెయ్యి వెయ్యండి. పాము కరిస్తే గట్టి కట్లు, గాట్లు, మంత్రాలు వద్దు. కరిచిన కాలు కదలనివ్వకుండా తిన్నగా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడికి దారి, ఎంతసేపు పడుతుంది అన్నది తోట కొన్నరోజునే తెలుసుకుని ఉండాలి.

ఇంటి పనుల్లో ఈ కాలానికి తగ్గది గుమ్మడి వడియాలు. బూడిదగుమ్మడి ముదిరి, తెల్లగా బూడిద పట్టాక కోయండి. చిన్న ముక్కలు చేసి ఉప్పు, పసుపు కలిపి గుడ్డలో మూటకట్టి, రాత్రంతా పైన రాయి పెడితే నీరు దిగిపోతుంది. మర్నాడు మినప్పప్పు గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఇంగువ వేసి ముక్కలు కలిపి పెట్టుకోవడమే. పట్నం మేడల మీద దుమ్ము పడుతుంది, తోటలో ఆ బెడద లేదు. కాకపోతే మంచు పూర్తిగా విడిచాకే ఎండబెట్టి, పొద్దు వాలకముందే లోపలికి తెచ్చుకోవాలి. మంచు తగిలిన వడియం బూజు పడుతుంది.

సంక్రాంతి వెళ్ళాక బీర, కాకర, సొర, దోస గింజలు పెట్టాలి కనుక పందిరి ఇప్పుడే వేయించండి. సరుగుడు గుంజలు, మీద జి.ఐ. తీగ అల్లిక చాలు. ఎత్తు ఆరడుగులు మించకూడదు, మించితే ప్రతి కాయకీ నిచ్చెన వెయ్యాలి! పడమటి వైపు వరసగా అవిశె గింజలు చల్లండి. త్వరగా పెరిగి కోళ్ళకూ ఆకుకూరలకూ నీడనిస్తుంది. కాకరగింజకు పెంకు గట్టి, రాత్రంతా నానబెట్టి పెట్టండి. ప్రతి పాదు మధ్యా రంగు వెయ్యని మట్టికుండ ఒకటి మెడదాకా పాతి, నీళ్ళు నింపి మూత పెట్టండి. కుండ చెమర్చి వేళ్ళకు నీరు అందుతుంది. ఆదివారం ఆదివారం మాత్రమే వెళ్ళగలిగే మనలాంటివాళ్ళకు ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు. వారం మధ్యలో ఒకసారి కుండలు నింపమని కాపలా మనిషికి చెప్పి, ఆ సంగతీ పంపకాల కాయితంలో రాయండి.