పేరు తెలిస్తే కాగితం తెలుస్తుంది



"ఇంగ్లీషు మాకెక్కడ వస్తుంది?" అంటారు చాలామంది ఆడవాళ్ళు. కానీ పొద్దున లేచింది మొదలు నోట ఎన్ని ఇంగ్లీషు మాటలు వస్తాయో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. బస్సు, రోడ్డు, టికెట్టు, బ్యాంకు, డాక్టరు, ఫోను. ఇవన్నీ ఇంగ్లీషు మాటలే. ఇంగ్లీషువాళ్ళు "బస్" అంటే తెలుగువాళ్ళు చివర "ఉ" చేర్చి "బస్సు" అన్నారు. "రోడ్" రోడ్డయింది. "బ్యాంక్" బ్యాంకయింది.

ఈ మాటలన్నిటికీ ఒక పోలిక ఉంది. అన్నీ పేర్లే. మనిషి పేరు, ఊరి పేరు, వస్తువు పేరు, ఏ పేరైనా సరే, దాన్ని తెలుగులో నామవాచకం అంటారు. ఇంగ్లీషులో "నౌన్" అంటారు. కంటికి కనపడని వాటికీ పేర్లుంటాయి. ఆకలి, ధైర్యం, ఆరోగ్యం. ఇవీ నామవాచకాలే.

"ఊరు" అంటే ఏ ఊరైనా కావచ్చు. "నెల్లూరు" అంటే ఒక్క ఊరే. "నది" అంటే ఏ నదైనా కావచ్చు. "గోదావరి" అంటే ఒక్కటే. ఇట్లా ఒక్కదానికే పెట్టిన పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు మొదటి అక్షరం పెద్దది వేస్తారు. తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అని రెండు రకాలు లేవు. ఇంగ్లీషులో ఉన్నాయి. మీ పేరూ అట్లాంటిదే. వాక్యం మధ్యలో వచ్చినా దానికి పెద్ద అక్షరమే వెయ్యాలి. కలెక్టరు పేరుకైనా, కూలికి పోయే అక్క పేరుకైనా ఒకటే నియమం.

ఒకటి కంటే ఎక్కువ ఉంటే తెలుగులో "లు" చేరుస్తారు. బస్సు, బస్సులు. ఇంగ్లీషులో చాలా మాటలకు "ఎస్" అనే అక్షరం చేరుస్తారు. ఒకటైతే "టాబ్లెట్", రెండైతే "టాబ్లెట్స్". కొన్ని మాటలు మాత్రం ఈ దారిన పోవు. ఒక బిడ్డ "చైల్డ్", ఎక్కువమంది "చిల్డ్రన్". ఒక ఆడమనిషి "ఉమన్", ఎక్కువమంది "విమెన్". మగవాళ్ళు "మెన్". మరుగుదొడ్డి మీద ఇంగ్లీషు బోర్డు ఉంటే జాగ్రత్తగా చూడాలి. "మెన్"లో ఉన్న మూడక్షరాలూ "విమెన్"లో ఉంటాయి. వాటికి ముందు డబ్ల్యు, ఓ అనే రెండక్షరాలుంటే అది ఆడవాళ్ళది.

ఇంకో తేడా చూడండి. తెలుగులో "పాలు పొంగాయి" అంటారు. "పాలు పొంగింది" అనరు. పాలు, నీళ్ళు తెలుగులో బహువచనాలు. ఇంగ్లీషులో "మిల్క్", "వాటర్" మామూలుగా ఏకవచనాలే. పాలను ఒకటి, రెండు అని లెక్కపెట్టలేరు కదా! లీటర్లను లెక్కపెడతారు. అందుకని "లీటర్"కు ఎస్ చేరుతుంది. "మిల్క్"కు చేరదు.

ఇప్పుడు "డ్వాక్రా" అన్న మాట తీసుకోండి. అది 1982లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం పేరు. 1999లో దాన్ని మరో పథకంలో కలిపేశారు. అయినా ఊళ్ళలో పొదుపు సంఘాలను ఇప్పటికీ డ్వాక్రా సంఘాలనే అంటారు. దాని అసలు పేరు "డెవలప్‌మెంట్ ఆఫ్ విమెన్ అండ్ చిల్డ్రన్ ఇన్ రూరల్ ఏరియాస్". అంత పొడుగు పేరులో నామవాచకాలు నాలుగే. "డెవలప్‌మెంట్" అంటే అభివృద్ధి. "విమెన్", "చిల్డ్రన్" ఇంతకు ముందు చూసినవే. "ఏరియాస్" అంటే ప్రాంతాలు. "రూరల్" అన్నది అవి పల్లె ప్రాంతాలని చెబుతుంది. మిగిలినవి మాటకూ మాటకూ ముడివేసే చిన్న మాటలు. నాలుగు పేర్లు పట్టుకుంటే అర్థమంతా చేతికొస్తుంది. పల్లెల్లో స్త్రీల అభివృద్ధి, పిల్లల అభివృద్ధి అని.

ఇంగ్లీషు కాగితం చూడడంలో కిటుకు ఇదే. ముందు పేర్లు వెతకాలి.

ఎవరో ఒక అప్పు కాగితం తెచ్చి, "ఊరికే సంతకం పెట్టు వదినా" అన్నారనుకోండి. సంతకం చేసే చోట ఏ పేరు ఉందో చూడాలి. "బారోయర్" అని ఉంటే అప్పు తీసుకున్న మనిషి అని. "గ్యారంటర్" అని ఉంటే పూచీ పడ్డ మనిషి అని. తీసుకున్నవాళ్ళు కట్టకపోతే బ్యాంకువాళ్ళు పూచీ పడ్డవాళ్ళను అడుగుతారు. అది ఊరికే పెట్టే సంతకం కాదు.

పొలం కాగితమైనా అంతే. "సేల్" అంటే అమ్మకం. "లీజ్" అంటే కౌలు. "గిఫ్ట్" అంటే డబ్బు పుచ్చుకోకుండా రాసిచ్చెయ్యడం. కౌలుకు ఇచ్చిన పొలం మళ్ళీ చేతికొస్తుంది. అమ్మిన పొలం రాదు. ఒక్క పేరు చూసుకోకపోతే పొలమే పోవచ్చు.

కాగితమంతా చదవడం ఇప్పుడే రాకపోవచ్చు. ఫరవాలేదు. తెలియని పేరు కనపడితే దాని మీద వేలు పెట్టి, "దీని అర్థమేమిటి?" అని అడగండి. ఒకరు చెప్పింది చాలదనిపిస్తే ఇంకొకరిని అడగండి. అర్థం తెలిశాకే సంతకం పెట్టండి. అడగడంలో సిగ్గు లేదు.

ఈ రాత్రి ఇంట్లో ఉన్న ఒక ఇంగ్లీషు కాగితం తీయండి. మందుల చీటీ అయినా సరే, బ్యాంకు పుస్తకమైనా సరే. అందులో తెలిసిన పేర్ల కింద పెన్సిలుతో గీత గీయండి. ముందుగా మీ పేరు ఎక్కడుందో వెతకండి. మొదటి గీత దాని కిందే పడాలి.